ఏడో వాటా

అడవి మాంసం గురించి లొట్టలు వేసుకుంటూ మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పెళ్ళి భోజనాల దగ్గరో, పుట్టినరోజు పార్టీల్లోనో ఎవడో ఒకడు మొదలుపెడతాడు. ఆస్ట్రేలియా వెళ్ళినప్పుడు కంగారూ తిన్నామనీ, ఎక్కడో రిసార్టులో దుప్పి మాంసం పెట్టారనీ, ఆ రుచే వేరనీ. నేను అక్కణ్ణించి లేచి వెళ్ళిపోతాను. మా ఆవిడ దీన్ని నా చాదస్తం కింద కట్టేసింది. ఆవిడకు కూడా ఈ సంగతి మొత్తం నేనెన్నడూ చెప్పలేదు.

సింగపూర్‌లో నేను దిగిన రోజుల్లో మావంటి వాళ్ళకు ఉద్యోగం రావడం ఎంత తేలికో, ఊడటమూ అంతే తేలిక. బ్యాంకుల పాత ప్రోగ్రాముల్లో ఏడాదిని రెండంకెలతో రాసి పెట్టారు. రెండువేల సంవత్సరం వచ్చేలోపు ఆ తేదీలన్నీ వెతికి సరిచేయాలి. దానికోసం హైదరాబాదులో నాలుగు నెలలు కోబాల్ నేర్చుకున్న ప్రతివాణ్ణీ విమానం ఎక్కించారు. నేనూ ఎక్కాను. ఏడాది కాంట్రాక్టు. అది ముగిసేలోపు మా టీమ్ లీడ్ నా గురించి మంచి మాట రాస్తే పర్మనెంట్ అవుతుంది. రాయకపోతే వర్క్ పాస్ రద్దు, పెట్టె సర్దుకుని ఇంటికి. ఇంటికి అంటే ఎక్కడికో నాకు బాగా తెలుసు కాబట్టి, ఆ ఏడాదంతా నేను ఆ ఒక్క కాగితం కోసమే బతికాను.

మా లీడ్ తెలుగువాడు. నీ అదృష్టం అన్నారు అందరూ. చైనీస్ మనిషి అయితే బాగుండేదని నేననుకునేవాణ్ణి. చైనీస్ మనిషి పని ఎంతవరకు వచ్చిందని అడుగుతాడు. మా లీడ్ మొదటి రోజే కాఫీ మెషీన్ దగ్గర ఆపి వేరేవి అడిగాడు.

"ఏ ఊరు మీది?"

"నల్లమల కింద పల్లెటూరండీ."

"ఇంటిపేరు?"

చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. "అది మా వాళ్ళలో కూడా ఉందే! అయితే మనవాళ్ళేనా?"

నేను నవ్వాను. అవునని అనలేదు, కాదని అనలేదు. "వ్యవసాయమండీ మాది," అని మాత్రం అన్నాను. ఆయన నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ తట్టిన చెయ్యి ఎవరిని తట్టిందో ఆయనకు తెలిసేలోపు కాగితం మీద సంతకం అయిపోవాలని నేను ఆ నిమిషమే లెక్క వేసుకున్నాను.

మాకు సెంటు భూమి లేదు. మా తాత వేటగాడు, మా నాన్న వేటగాడు. వలలు, ఈటెలు, నాలుగు కుక్కలు, అంతే మా ఇంటి ఆస్తి. అడవిలో వేట నేరమని చట్టం వచ్చాక మావాళ్ళు కూలికి పోవడం మొదలుపెట్టారు. కూలి దొరకని రోజున మా నాన్న కాళ్ళు వాటంతట అవే అడవి వైపు నడిచేవి. ఊళ్ళో పెద్దింటి పిల్లలు అల్లరి చేస్తే తల్లులు మా కులం పేరు పెట్టి తిట్టేవాళ్ళు. అన్నం చేత్తో కెలికినా అదే తిట్టు, స్నానం చేయకపోయినా అదే తిట్టు. ఆ తిట్టు వింటూ పెరిగినవాడు ఇంటిపేరు కలిసిందన్న సంబరంలో ఉన్న మనిషిని ఎందుకు సరిదిద్దుతాడు?

శుక్రవారం మధ్యాహ్నం మా టీమ్ అంతా, చవక తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌కు పోయేవాళ్ళం. టిష్యూ పొట్లం పెట్టి బల్లను చోప్ చేయడం, అంటే ఇది మాదని పట్టి ఉంచడం, నా పని, ఆర్డర్ చెప్పడం లీడ్ పని. అక్కడో చైనీస్ దుకాణంలో అల్లం, ఉల్లికాడలు వేసి జింక మాంసం వండి, కాలే పెనంతో సహా తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్ళు. అది వచ్చిందంటే మా లీడ్‌కు పూనకం వచ్చేది.

"ఇదీ మాంసమంటే! మా తాతగారు ఒక్క తూటాకు దుప్పిని పడేసేవారు. చిన్నప్పుడు ఎంత తిన్నాం! అదే రుచి, అదే అడవి వాసన చూడండి."

అడవి వాసన! ఆ జింక ఎక్కడో కంచె వేసిన పొలంలో దాణా తిని పెరిగింది. మెత్తబడటానికి సోడా పట్టించి, పిండిలో దొర్లించి వేయిస్తే దూదిలాగా ఉండేది. దుప్పి మాంసాన్ని నమలాలి. నమిలిన కొద్దీ రుచి దిగుతుంది, పళ్ళ సందున పీచు ఇరుక్కుంటుంది. మా లీడ్ జీవితంలో దుప్పిని తిని ఉండవచ్చు గానీ, తిన్నది దుప్పేనని ఎవరో చెబితే తిన్న మనిషి. నాకు ఇవన్నీ నాలుక చివర దాకా వచ్చేవి. నేను అన్నంలో పులుసు కలుపుకుని, "అవునా సార్? నేనెప్పుడూ తినలేదు," అనేవాణ్ణి. ఏడాదిలో యాభై శుక్రవారాలు అలా అని ఉంటాను.

తాతగారు ఒక్క తూటాకు పడేశారట. ఆ దుప్పిని కొండ మీద నుంచి ఆయన తుపాకీ ముందుకు ఎవరు తోలారు? తెల్లవారుజామున లేచి డెక్కల జాడలు ఎవరు చూశారు? దాన్ని కావడి కట్టి ఎవరు మోశారు, తోలు ఎవరు ఒలిచారు? మా తాత లాంటివాళ్ళే. వాళ్ళకు పేగులూ, గిట్టలూ పడేసి పంపేవాళ్ళు. ఈయన తాతగారు కూర్చుని కాల్చాడు. ఈయన కూర్చుని చెబుతున్నాడు.

నేను పర్మనెంట్ అయ్యేదీ కానిదీ తేలాల్సిన నెలలో ఒక శుక్రవారం లీడ్ నా సీటు దగ్గరకు వచ్చాడు. మా టీమ్‌లో ఒక చైనీస్ మనిషి బావమరిదికి శీతల గిడ్డంగి ఉందట. అక్కణ్ణించి పెద్ద పెట్టె నిండా కంగారూ మాంసం, ఒక జింక తొడ చవకగా వస్తున్నాయట. ఆ చైనీస్ మనిషి పక్కనుంచి, "వెరీ టఫ్ లా, కుక్ లాంగ్ లాంగ్," అని నవ్వాడు.

"ఆదివారం మా ఇంటికి అందర్నీ పిలిచాను," అన్నాడు లీడ్. "మాతో కలిపి ఆరు ఇళ్ళు. అక్కడ కొంత వండుకుని తిందాం. మిగతాది ఇంటికింత పచ్చిమాంసం వాటాలు వేద్దాం. మా తాతగారు వేట నుంచి వస్తే అయినవాళ్ళ ఇళ్ళకు ఇట్లాగే పంపేవారు. నువ్వు ఆదివారాలు రూమ్‌లో కోడి భలే వండుతావటగా, మీ రూమ్మేట్ చెప్పాడు. నువ్వొచ్చి కొట్టిపెట్టాలి."

అడిగినట్టు లేదు, చెప్పినట్టు ఉంది. ఇంకెవరినైనా అడిగి ఉంటే వాళ్ళు నొచ్చుకునేవాళ్ళు. ఐదుగురు ఇంజనీర్లలో మాంసం కొట్టడానికి ఈయన కన్ను నా మీదే ఎందుకు పడిందో అని ఆ పూటంతా ఆలోచిస్తూనే ఉన్నాను. అయినా కాదనే నెల కాదది. అలాగే సార్ అన్నాను.

ఆదివారం ఉదయం సెరంగూన్ రోడ్డులో బరువైన కత్తి ఒకటి కొనుక్కుని, లీడ్ వాళ్ళుండే సెంగ్‌కాంగ్‌కు బస్సెక్కాను. అప్పటికి రైలు అక్కడిదాకా రాలేదు. కొత్త బ్లాకులు, సున్నం వాసన, ఇంకా నీడ ఇవ్వని మొక్కలు. లీడ్ ఇంట్లో హాల్లోకి అడుగుపెట్టగానే ఎదురుగా గోడ మీద తాతగారి ఫోటో. పడిపోయిన దుప్పి మీద కాలు పెట్టి, తుపాకీ నిలబెట్టి, మీసం మెలేసి ఉన్నాడు. దుప్పి కొమ్ములు పైకెత్తి పట్టుకుని ఒక పక్కన ముగ్గురు మనుషులు గోచీలతో నేల మీద గొంతుక్కూర్చున్నారు. లీడ్ వచ్చినవాళ్ళందరికీ తాతగారిని చూపించాడు. ఆ ముగ్గురినీ ఎవరూ చూడలేదు.

లీడ్ భార్యకు ఏడో నెల. కాన్పు కోసమని లీడ్ తల్లి ఇండియా నుంచి వచ్చి ఉంది. డెబ్బై దాటిన మనిషి, మాట నెమ్మది, చూపు మాత్రం చురుకు. వచ్చినవాళ్ళందరూ ఆవిణ్ణి ఆంటీ అంటున్నారు. ఆవిడ ఒక్కొక్కరినీ ఊరు, ఇంటిపేరు, తల్లి పుట్టినిల్లు అడిగి, తలలో ఎక్కడో ఒక అరలో సర్దుకుంటున్నది. నన్ను అడగబోతుంటే నేను కత్తి పట్టుకుని వంటింట్లోకి తప్పుకున్నాను. సంగతి అక్కడితో ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేదో!

వంటింటి గచ్చు మీద ఇంగ్లీషు పేపర్లు పరిచి, మంచు వదిలిన మాంసం ముందు వేసుకుని గొంతుక్కూర్చున్నాను. కంగారూ మాంసాన్ని నేను చూడటం అదే మొదలు. ముదురు ఎరుపు, దాదాపు నలుపు. కొవ్వు చుక్క లేదు. వేలితో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. చెవులపిల్లి మాంసానికి దగ్గర. ఇలాంటి దాన్ని పీచుకు అడ్డంగా కోయాలి, నీళ్ళలో ఎక్కువసేపు నానబెట్టకూడదు, మొదట ఉప్పూ పసుపుతో దాని నీరు దానిలోనే ఇగరనివ్వాలి. ఎవరూ చెప్పనక్కర్లేదు, చేతులకు గుర్తుంది. తోకను కీలు చూసి ముక్క చేశాను, ఒక్క దెబ్బ వృథా పోలేదు. జింక తొడలో ఎముక ఎక్కడ మలుపు తిరుగుతుందో కత్తి తనే వెతుక్కుంది.

సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ గంటసేపు నాకు సంతోషంగా ఉంది. ఏడాదిగా తేదీలు దిద్దుతూ, నోరు కట్టుకుని, ప్రతి మాటా తూచి మాట్లాడుతూ బతికినవాణ్ణి. మా నాన్న పక్కన కూర్చుని కోస్తున్నట్టే ఉంది. ఆ సంతోషమే నా పీక మీదకు తెచ్చింది.

వండటానికి సరిపడా పక్కన పెట్టి మిగతాది కుప్పలు వేశాను. తొడ ముక్క ఒక కుప్పలోకి ఎక్కువ పోకూడదు, తోక ముక్క ఒక కుప్పలో లేకుండా పోకూడదు. ప్రతి భాగంలో నుంచీ ప్రతి కుప్పకూ పడాలి. అంతా అయ్యాక లీడ్‌ను పిలిచాను. "సార్, మీరు అటు ఫ్రిజ్ వైపు తిరిగి నిలబడండి. నేను ఒక కుప్ప మీద చెయ్యి పెట్టి ఇది ఎవరిదని అడుగుతాను. మీరు చూడకుండా ఒక ఇంటి పేరు చెప్పాలి. అప్పుడు ఎవరికీ మాట రాదు."

"భలే ఉందే ఇది!" అని లీడ్ చిన్నపిల్లాడిలా ఫ్రిజ్ వైపు తిరిగాడు. అందరూ వంటింటి గుమ్మంలో పోగయ్యారు. పెద్దావిడకు కుర్చీ తెచ్చి వేశారు. ఆవిడ కూర్చుని కుప్పలు లెక్కపెట్టింది.

"ఇళ్ళు ఆరేగా అబ్బాయ్. ఏడు పెట్టావేంటి?"

"మేడంకు రెండు కదా అమ్మగారూ," అన్నాను, తల ఎత్తకుండానే. "కడుపులో బిడ్డక్కూడా వాటా ఉంటుంది కదా."

అనేశాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. మావాళ్ళలో వేట పంచేటప్పుడు కడుపుతో ఉన్న ఆడమనిషికి రెండు కుప్పలు. ఆమె ఇంటి నుంచి వేటకు ఎవరూ రాకపోయినా సరే, ఆమె మొగుడితో ఎవరికీ మాటలు లేకపోయినా సరే. పుట్టబోయేవాడు కూడా ఒక మనిషే, వాడి ముక్క వాడికి. నువ్వు పుట్టకముందే నీ వాటా తిన్నావురా అని మా అమ్మ నన్ను ఎత్తిపొడుస్తూ ఉండేది. ఇది నాకు ఎంత మామూలు సంగతంటే, లోకమంతా ఇలాగే పంచుతుందని నా లోపల ఎక్కడో ఉండిపోయింది. పైగా అందరూ ఆంటీ అంటుంటే నేనొక్కణ్ణే ఆవిణ్ణి అమ్మగారూ అన్నాను.

పెద్దావిడ కుప్పల వైపు మళ్ళీ ఒకసారి చూసింది. తరవాత నెమ్మదిగా అన్నది. "మా పుట్టిల్లు కూడా అడవి దగ్గరేలే. మా నాయన వేటకు పోతే తోలడానికి వాళ్ళు వచ్చేవాళ్ళు. దొడ్లో కూర్చుని వాళ్ళ వాటాలు వాళ్ళు పంచుకుంటుంటే చూసేదాన్ని. కడుపుతో ఉన్నదానికి రెండు కుప్పలు. వాళ్ళు తప్ప ఇంకెవరూ ఇట్లా పంచరు." వాళ్ళు అన్నప్పుడు కులం పేరు పెట్టే అన్నది. ఆ పేరు ఇక్కడ రాయను. "నువ్వెవరి పిల్లాడివి బాబూ?"

గొంతులో కోపం లేదు. అదే భయం వేసింది. ఫ్రిజ్ వైపు తిరిగిన లీడ్ మెల్లగా ఇటు తిరిగాడు. ఆయన కళ్ళు నా ముఖం మీద నుంచి నా చేతుల మీదకు దిగాయి. మోచేతుల దాకా నెత్తురుతో, గచ్చు మీద గొంతుక్కూర్చుని ఉన్నాను. మనవాళ్ళేనా అని ఏడాది కింద భుజం తట్టిన మనిషి ఇప్పుడు ఆ తట్టడాన్ని వెనక్కి తీసుకోవాలా అని చూస్తున్నాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. బడిలో నీళ్ళ కుండ దగ్గర చూశాను, హాస్టల్లో చూశాను.

"మా పొలంలో పనికి వచ్చేవాళ్ళండీ," అన్నాను. "వాళ్ళు పంచుతుంటే చూసి నేర్చుకున్నా. సరదాగా ఉంటుందని పెట్టాను."

"పనివాళ్ళ ఆచారం అంత తేలిగ్గా నోట్లోకొచ్చిందే," అన్నది పెద్దావిడ, నవ్వుతూనే.

ఇంకా నమ్మలేదు. ఇక నేను చేసిన పని చూడండి. నవ్వించాలనుకున్నాను. నవ్వించేవాణ్ణి ఎవరూ అనుమానించరు.

"ఒకడుండేవాడండీ మా దగ్గర," అని మొదలుపెట్టాను. "పని ఎగ్గొట్టి ఎప్పుడు చూసినా అడవిలోనే. ఒకసారి ఫారెస్టు వాళ్ళకు దొరికాడు. రెండు చెవులపిల్లులు చంకలో పెట్టుకుని, ఇవి నావి కాదు దొరా, దారిలో నిద్రపోతుంటే ఎత్తుకొచ్చా అన్నాడట!"

గుమ్మంలో నవ్వులు. నేను లేచి నిలబడ్డాను. చేతులు మెడ దగ్గర పెట్టుకుని నటించి చూపించాను.

"వాళ్ళేం చేశారంటే, ఆ రెంటినీ తాడు కట్టి వాడి మెళ్ళో దండలాగా వేశారండీ. జీపు ముందు నడిపిస్తూ బస్టాండు దాకా ఊరేగించారు. వాడేమో పెళ్ళికొడుకులాగా కనపడ్డ ప్రతివాడికీ దండాలు పెట్టుకుంటూ నడవడం!"

ఇల్లంతా విరగబడి నవ్వింది. లీడ్ కళ్ళు తుడుచుకున్నాడు. పెద్దావిడ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దండాలు పెట్టలేదు. నేను అప్పుడు డిగ్రీ మొదటి ఏడు, సెలవులకు వచ్చి బస్టాండులో సైకిల్ షాపు దగ్గర నిలబడి ఉన్నాను. పక్కన కాలేజీ స్నేహితులు ఇద్దరున్నారు. జీపు హారన్ వినబడి అందరం రోడ్డు వైపు చూశాం. మా నాన్న చొక్కా లేకుండా, మెడలో రెండు చెవులపిల్లులతో, ఎండలో నడిచి వస్తున్నాడు. వాటి కాళ్ళు ఆయన ఛాతీకి కొట్టుకుంటున్నాయి. టీ కొట్టు దగ్గర జనం ఈలలు వేశారు. ఆయన ఎవరివైపూ చూడలేదు. నా ముందుకు వచ్చినప్పుడు మాత్రం కళ్ళెత్తాడు. నన్ను చూశాడు, నా పక్కనున్న స్నేహితుల్ని చూశాడు, వెంటనే ముఖం అటు తిప్పేసుకున్నాడు. నేనెవరో తనకు తెలియనట్టు నడిచి వెళ్ళిపోయాడు. నా పరువు కాపాడటానికి అలా వెళ్ళిపోయాడని నాకు అప్పుడే తెలుసు. ఆ సంగతిని నేను ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి చెప్పింది సెంగ్‌కాంగ్ వంటింట్లో, జోకులాగా.

"వాడు ఇంకా ఉన్నాడా?" అన్నాడు లీడ్ ఉత్సాహంగా. "నేను దసరాకు ఇండియా పోతున్నా. మీ ఊరొస్తాను. మీ నాన్నగారిని చూసినట్టూ ఉంటుంది, వాణ్ణి వెంటబెట్టుకుని ఒకసారి అడవిలోకి పోయొద్దాం. అట్లాంటివాళ్ళకు దారులన్నీ తెలుస్తాయి."

"పోయాడండీ," అన్నాను. "ఎప్పుడో పోయాడు. మా నాన్నగారు కూడా ఊళ్ళో ఉండటం లేదు, మా అక్క దగ్గర ఉంటున్నారు."

ఒక్క మాటతో ఇద్దరినీ లేకుండా చేశాను.

"పోనీలే," అన్నది పెద్దావిడ. ఆవిడ ముఖంలో పట్టు సడలింది. "ఆ ఏడోది తీసెయ్యి బాబూ. మన ఇళ్ళల్లో లేని ఆచారం మనకెందుకు?"

లీడ్ భార్య గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె ఏమైనా అంటుందేమోనని ఒక్క క్షణం చూశాను. "నాకు ఒక్కటే ఎక్కువ. ఆ వాసనకే తిప్పుతోంది," అని ముక్కు మూసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను మళ్ళీ గొంతుక్కూర్చుని ఏడో కుప్పను ముక్క ముక్కగా తీసి మిగతా ఆరింటిలో సర్దాను. లీడ్ ఫ్రిజ్ వైపు తిరిగాడు. ఇది ఎవరిదని నేనడిగాను, ఆయన చెప్పాడు. ఆరు ఇళ్ళకూ ఆరు ప్లాస్టిక్ సంచులు కట్టాను.

తరవాత వండాను. పెద్దావిడ రెండుసార్లు వేయించుకుంది. ఇంత మెత్తగా ఎట్లా ఉడికించావు బాబూ అని మెచ్చుకుంది. ఆ బాబూ ఇప్పుడు వేరేగా ఉంది, ఇంట్లో మనిషిని పిలిచినట్టు. గొంతు దిగలేదు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి అని రాసుకుంటే నాకు బాగానే ఉంటుంది. కానీ నేనూ తిన్నాను. ఆకలి వేసింది, తిన్నాను. కూర బాగా కుదిరింది.

రెండు వారాలకు కాగితం వచ్చింది. లీడ్ నా గురించి నమ్మదగినవాడు అని రాశాడు. నేను పర్మనెంట్ అయ్యాను. ఆ తరవాత ఏడాదికి బ్యాంకు మారాను, పెళ్ళయింది, ఫ్లాట్ కొన్నాను. లీడ్ కుటుంబంతో రాకపోకలు మాత్రం తెగలేదు. వాళ్ళున్న చోటే మన తెలుగువాళ్ళందరూ, పండగలూ, పూజలూ, పిల్లల పుట్టినరోజులూ. వాళ్ళకు తెలిస్తే అందరికీ తెలిసినట్టే.

ఆ ఆదివారం నేను చంపేశాక మా నాన్న ఇంకా తొమ్మిదేళ్ళు బతికాడు. అక్క దగ్గర కాదు, అదే ఊళ్ళో, అదే ఇంట్లో. ఫోనులో రెండుసార్లు అడిగాడు. మొదటిసారి నా పెళ్ళయిన కొత్తలో. "విమానం ఎక్కాలని కాదురా. నువ్వుండే ఇల్లు యాడుందో, ఎట్టుందో ఒకసారి చూసి వస్తా. పది రోజులు చాలు." ఇక్కడ రూల్స్ ఒప్పుకోవు నాన్నా అన్నాను. రెండోసారి మా అబ్బాయి పుట్టినప్పుడు. "ఇప్పుడైనా రానిస్తారేమో కనుక్కోరా," అన్నాడు. కనుక్కున్నా, కుదరదన్నారు అని చెప్పాను. ఎవరినీ అడగలేదు. అడిగేందుకు ఏమీ లేదు, విజిట్ పాస్ ఎవరికైనా ఇస్తారు. ఆయన వస్తే ఆయన నడక, ఆయన మాట, బీడీ పట్టుకునే తీరు, తినడానికి కూర్చునే తీరు, అన్నీ నా ఇంటి గుమ్మంలో నిలబడి నా కులం చెబుతాయి. నా భయం అదీ. ఇంకే కారణమూ లేదు.

ఆ తొమ్మిదేళ్ళలో లీడ్ తల్లి సింగపూర్‌కు నాలుగుసార్లు వచ్చి వెళ్ళింది. ఆవిడ మా నాన్న కంటే పన్నెండేళ్ళు పెద్దది. ఒకసారి లీడ్‌కు ఖాళీ లేకపోతే ఎయిర్‌పోర్టు నుంచి నేనే తీసుకొచ్చాను. చక్రాల కుర్చీ తోశాను, ఆవకాయ డబ్బాలు మోశాను.

మా నాన్న పోయినప్పుడు వెళ్ళాను. అంతా అయ్యాక అరుగు మీద కూర్చుంటే ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి నా గడ్డం పట్టుకుని ఓదార్చారు. మా ఇంటి పక్కన ముసలమ్మ నా పక్కనే చతికిలబడి ఏడుస్తూ అన్నది. "మీ నాయిన ఊరందరికీ చెప్పేవాడు నాయినా. సింగపూర్లో ముసలోళ్ళను రానీరంట. మావోడు నా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి కాళ్ళరగదీసుకున్నాడు, వాడి బాధ చూడలేక నేనే ఇంక వొద్దులేరా అన్నా అని. ఎంత తిరిగినావో కదా నాయినా!"

చాలా తిరిగానమ్మా అన్నాను.